ఊరెరిగిన సొలిసిటరు

ఇంగ్లండులో ఇల్లు కొంటున్న మన తెలుగు పిల్లల్ని ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "మీ సొలిసిటరు ఎవరు?" మనిషి పేరు చెప్పలేరు. వెబ్‌సైటు పేరు చెబుతారు, లేకపోతే కేసు నంబరు చెబుతారు. ఆఫీసు ఏ ఊళ్లో ఉందంటే తెలియదు. మొహం చూసింది లేదు, గొంతు విన్నది ఒకటి రెండుసార్లు. పాతికేళ్లో ముప్పై ఏళ్లో తీర్చాల్సిన అప్పు నెత్తిన పెట్టుకుంటూ, ఆ కాగితాలు చూసేదెవరో తెలియకుండానే సంతకాలు పెట్టేస్తున్నారు. ఇది నాకు ఎంతమాత్రం మింగుడుపడదు.

మన వైపు ఇల్లు కొంటే ప్లీడరు గారు పాత దస్తావేజులు తిరగేస్తారు, లేఖరి కొత్తది రాస్తాడు, సబ్ రిజిస్ట్రారు ముందు వేలిముద్రలు వేసి వస్తాం. ఇక్కడ ఆ పనంతా సొలిసిటరు చేతి మీదుగా నడుస్తుంది. దాన్నే కన్వేయన్సింగ్ అంటారు. కొనేవాడికొకరు, అమ్మేవాడికొకరు. హక్కు ఎవరిదో చూడటం, కౌన్సిలు నుంచీ నీళ్ల కంపెనీ నుంచీ సెర్చిలు, అంటే ఆ జాగా గురించి వాళ్ల రికార్డుల్లో ఏముందో చెప్పే రిపోర్టులు, తెప్పించడం, అవతలి సొలిసిటరుకి ప్రశ్నలు రాయడం, అప్పిచ్చేవాళ్ల డబ్బు తెప్పించడం అన్నీ వాళ్ల పనే. ఇరువైపులా కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. మార్చుకున్నాక కదలడానికి లేదు, కట్టిన పది శాతం అక్కడే ఇరుక్కుంటుంది. కాబట్టి అడగాల్సినవన్నీ ఆ లోపలే అడగాలి. ఏం అడగాలో తెలియాలంటే ఆ ఊరు తెలియాలి. నా గోలంతా ఇంతే.

నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకుని 1973లో ఈ దేశం వచ్చాను. ఇక్కడి డాక్టర్లు పోవడానికి ఇష్టపడని మిల్లు ఊళ్లలో, బొగ్గు ఊళ్లలో మా బోటి వాళ్లకు ప్రాక్టీసులు దొరికేవి. అలా మాంచెస్టర్ పక్కన బోల్టన్ చేరాను. 1978లో అక్కడ మొదటి ఇల్లు కొన్నాం. మా సీనియర్ డాక్టరు నన్నొక సొలిసిటరు దగ్గరికి పంపారు. కింద చెప్పుల షాపు, చెక్కమెట్లెక్కితే పైన ఆఫీసు. ఆయన తండ్రి కూడా అదే గదిలో ప్రాక్టీసు చేశారట.

ఆయన ఇనప్పెట్టె గదిలోంచి గులాబీ రంగు టేపుతో కట్టిన కట్టొకటి తెప్పించి బల్ల మీద విప్పారు. అడుగున ఉన్న దస్తావేజులు తోలు మీద రాసినవి, మడత విప్పితే బల్లంతా పరుచుకున్నాయి. ఎర్ర లక్క ముద్రలు, పైఅంచు వంకర్లుగా కత్తిరించి ఉంది. నల్లసిరాతో మొదలుపెట్టిన వాక్యం పేజీ చివరిదాకా ఒక్క ఫుల్‌స్టాపు లేకుండా సాగింది. ప్లానులో ఇంటి జాగా చుట్టూ ఎర్రగీత, వెనక సందుకి గోధుమరంగు పూత. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితానికి జానెడు దూరంలో మొహం పెట్టి, చూపుడువేలితో లైను లైనూ కదుపుకుంటూ చదివారు. చదివింది చదివినట్టు నాకు విడమర్చి చెప్పారు. గోధుమరంగు సందు మనది కాదు, నడిచే హక్కే మనది. పక్కింటివాళ్ల బొగ్గు బస్తాలు మన పెరటి గుమ్మం ముందు నుంచే పోతాయి, అడ్డు చెప్పకూడదు.

"ఇది లీజు, 999 ఏళ్లకి" అనగానే నా గుండె జారిపోయింది. ఇంత పోసి అద్దెకి తీసుకుంటున్నామా అనుకున్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టి చెప్పారు. ఈ చుట్టుపక్కల పాత వీధులు చాలావరకు ఇలాంటి లీజుల మీదే ఉన్నాయి. ఏడాదికి కొద్ది పౌండ్ల గ్రౌండ్ రెంటు, అది పెరగదు. అమ్మేవాళ్ల దగ్గర ఆఖరుసారి రెంటు కట్టిన రసీదు మాత్రం తప్పకుండా తీసుకోవాలి. లీజు షరతులు అంతదాకా సరిగ్గా పాటించారనడానికి చట్టం ఒప్పుకునే రుజువు ఆ రసీదే. కొన్నేళ్లు ఆ ఇంట్లో ఉన్నాక 1967 చట్టం కింద నేల హక్కు కూడా కొనుక్కోవచ్చు. ఇవన్నీ నేను అడిగినవి కావు, ఆయనే చెప్పారు.

తర్వాత ఆ వేలు ఒకచోట ఆగింది. ఇంటిని కాపురానికి తప్ప వ్యాపారానికి గానీ వృత్తికి గానీ వాడరాదు, సారాయి అమ్మరాదు, పందుల్ని కోయరాదు. "డాక్టర్, ముందు గదిలో పేషెంట్లను చూద్దామని ఉందా?" అని అడిగారు. ఉంది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఆ ఊళ్లో కొత్తగా ఇల్లు కొనే డాక్టరు ఏం ఆలోచిస్తాడో ఆయనకి తెలుసు. భూమి యజమాని ఎస్టేటు ఆఫీసుకి ఆయనే రాసి అనుమతి ఉత్తరం తెప్పించారు. టౌన్ హాలు అనుమతికి నాచేత అర్జీ పెట్టించారు. ఆ రెండు కాగితాలూ చేతికొచ్చేదాకా నన్ను సంతకం పెట్టనివ్వలేదు. అమ్మేవాళ్లు తొందరపెట్టారు, ఎస్టేట్ ఏజెంటు రోజూ ఫోన్ చేశాడు. ఆయన చలించలేదు.

ఇప్పుడైతే ఆ షరతు ముప్పై నలభై పేజీల పీడీఎఫ్‌లో ఎక్కడో ఒక పేరాగా వస్తుంది. దాని కింద "మీ అవసరాలకు ఇది ఇబ్బందైతే తెలియజేయగలరు" అని ఒక లైను ఉంటుంది. ఇంగ్లీషులో ఎంత ఆరితేరినవాడైనా పగలంతా ఉద్యోగం చేసి వచ్చి, రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ పీడీఎఫ్ తెరిచి, ఆ ఒక్క లైను తన కొంప ముంచేదని ఎలా పట్టుకుంటాడు?

ఊరు తెలియడమంటే ఏమిటో ఇంకొకటి చెబుతాను. మా వైపు పత్తి మిల్లులు ఉండేవి. ఆవిరి యంత్రాల నీళ్ల కోసం ప్రతి మిల్లు పక్కనా చెరువు తవ్వారు, వాటిని లాడ్జ్‌లంటారు. మిల్లులు మూతపడ్డాక చాలా చెరువుల్ని ఇటుకముక్కలూ బూడిదా పోసి పూడ్చేశారు. కొన్నిటి మీద ఇళ్లు లేచాయి. హైదరాబాదులో చెరువు శిఖం భూముల్లో కాలనీలు వేసిన సంగతి తెలిసిన తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 1980ల్లో పిల్లలు పెరిగి ఇల్లు చాలక మేమొక వీధిలో ఇల్లు చూశాం. అడ్రసు చెప్పగానే సొలిసిటరు గారు ఏ నంబరని అడిగి, ఆ సాయంత్రం ఇంటికి పోతూ కారాపి చూసి వెళ్లారు. మర్నాడు ఫోన్ చేసి, ఆ వరసలో చివరి ఇళ్లు పాత లాడ్జ్ మీద ఉన్నాయి, తన చిన్నతనంలో అక్కడ చేపలు పట్టేవాళ్లు, పునాది చూపించుకోకుండా ముందుకు పోవద్దు అన్నారు. సర్వేయర్ని పంపితే పెరటి గోడ పక్కకి ఒరిగిన సంగతి బయటపడింది. ఆ ఇల్లు వదిలేశాం. తర్వాత ఆ వరసలో పునాదుల కింద కాంక్రీటు నింపి నిలబెట్టాల్సొచ్చింది.

ఆ సంగతి దస్తావేజులో లేదు. కౌన్సిలు సెర్చిలో రాలేదు. ఆయన తలలో ఉంది. ఏ ఇంటికైనా నేషనల్ కోల్ బోర్డుకి రాసి గనుల రిపోర్టు తెప్పించడం సరే, ఆ రోజుల్లో ఏ సొలిసిటరైనా తెప్పించేవాడు. ఆ రిపోర్టు చదివి, ఫలానా వీధి దగ్గర ఇంకా పాత గొయ్యి ఉందని వినికిడి, మళ్లీ అడుగుదాం అనడానికి మాత్రం ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడు కావాలి. చెషైర్‌లో నార్త్‌విచ్ వైపు కొనేవాడికి బొగ్గు బెడద కాదు, ఉప్పు బెడద. భూమిలోంచి ఉప్పునీళ్లు తోడి తోడి నేల కుంగిన ఊళ్లవి. కార్న్‌వాల్‌లో తగరపు గనులు. యార్క్‌షైర్ కొండ ఊళ్లలో ఒకరి పడకగది కింద ఇంకొకరి వంటిల్లు ఉంటుంది, పై భాగం ఒకరిదీ కింది భాగం ఒకరిదీ. ఎక్కడి జబ్బు అక్కడిది.

మా మాంచెస్టర్ వైపు జబ్బు చీఫ్ రెంటు. ఫ్రీహోల్డ్, అంటే నేలతో సహా సొంతమైన ఇల్లే అయినా, ఎప్పుడో నేల అమ్మినవాడి వారసులకు ఏటా కొద్ది పౌండ్లు కట్టే ఏర్పాటు. 1977 చట్టం అలాంటివి కొత్తగా పెట్టడాన్ని ఆపింది, పాతవి 2037లో రద్దవుతాయి. అంత చిన్న మొత్తం ఎవరడుగుతారని జనం వదిలేస్తారు. 2016లో ఒక కేసు ట్రిబ్యునల్‌కి ఎక్కింది. ఆ కొద్ది పౌండ్లు నలభై రోజులు బాకీ పడ్డాయని, ఆ రెంట్లు కొనుక్కున్న కంపెనీ 1925 నాటి చట్టం పట్టుకుని ఇళ్ల మీద 99 ఏళ్ల లీజులు రాసుకుంది. చట్ట ప్రకారం చెల్లుతాయనే తీర్పొచ్చింది. లీజు ఎక్కిన ఇల్లు అమ్ముదామంటే కొనేవాడెవడు? 2024లో చట్టం మార్చేదాకా ఆ కత్తి వేలాడుతూనే ఉంది. మా సొలిసిటరు గారి గుమాస్తా ప్రతి జనవరిలో తమ క్లయింట్లకు కార్డు రాసి చీఫ్ రెంటు కట్టారా అని గుర్తుచేసేవాడు. దానికి ఫీజు లేదు.

మరి ఇదంతా ఎలా పోయింది? చట్టం వల్లనే పోయిందని కొందరంటారు. ఇళ్ల కన్వేయన్సింగ్ ఒకప్పుడు సొలిసిటర్ల గుత్తసొత్తు. 1985 చట్టంతో లైసెన్సుడు కన్వేయన్సర్లు వచ్చారు. దానికి కాస్త ముందు, 1984లో, సొలిసిటర్లు ప్రకటనలు వేసుకోవడానికి అనుమతి వచ్చింది. వీటిని నేను తప్పుపట్టను. ఆ గుత్తాధిపత్యంలో ఫీజులు మండిపోయేవి, ఇంటి ధరను బట్టి లెక్కగట్టే రోజులు కూడా ఉండేవి. లైసెన్సుడు కన్వేయన్సర్లలో ఊళ్లో కూర్చుని బుద్ధిగా పనిచేసేవాళ్లు నాకు తెలుసు. చేటు తెచ్చింది రిఫరల్ ఫీజు. ఇల్లు చూపించే ఎస్టేట్ ఏజెంటు, అప్పు కుదిర్చే బ్రోకరు, కొత్తిళ్లు కట్టే బిల్డరు, ఈ ముగ్గురూ "మా వాళ్లున్నారు, వాళ్ల దగ్గరైతే త్వరగా అవుతుంది" అంటారు. అలా పంపినందుకు వాళ్లకి ముడుతుంది. ముడుతుందని చెప్పాలని రూలుంది, చెబుతారు కూడా, సన్న అక్షరాల్లో. ఇల్లు అమ్మితేనే డబ్బొచ్చే మనిషి ఏరిపెట్టిన సొలిసిటరు, ఆ ఇల్లు కొనొద్దని చెప్పే సొలిసిటరు అవుతాడా?

ఈ ప్రశ్నకు జవాబు మా వైపే, వాయవ్య ఇంగ్లండులోనే దొరికింది. బిల్డర్లు కొత్త ఇళ్లను కూడా లీజు కింద అమ్మారు. గ్రౌండ్ రెంటు ఏడాదికి 295 పౌండ్లు, పదేళ్లకోసారి రెట్టింపు. కాగితం మీద చిన్న వాక్యం అది. లెక్క వేసి చూడండి: 590, 1,180, 2,360, 4,720, యాభై ఏళ్లకు 9,440 పౌండ్లు. అలాంటి ఇళ్లు అమ్ముదామంటే బ్యాంకులు అప్పివ్వనన్నాయి, మనుషులు ఇళ్లలో ఇరుక్కుపోయారు. వాళ్లలో ఎంతోమంది చెప్పింది ఒకటే మాట: బిల్డరు సిఫార్సు చేసిన సొలిసిటర్ని పెట్టుకున్నాం, రెట్టింపు సంగతి ఎవరూ వివరించలేదు. ఒక పెద్ద బిల్డింగ్ కంపెనీ 2017లో ఈ వ్యవహారం సర్దుబాటుకి 130 మిలియన్ పౌండ్లు పక్కన పెట్టింది. 2022 జూన్ 30 నుంచి కొత్త ఇళ్ల లీజుల్లో గ్రౌండ్ రెంటు వసూలు చేయకూడదని చట్టమైంది. మా సొలిసిటరు గారి బల్ల మీదికి ఆ లీజు వచ్చి ఉంటే ఆయన వేలు ఆ "రెట్టింపు" దగ్గర ఆగి తీరేది. అందులో నాకు ఏ సందేహమూ లేదు.

మా తమ్ముడి కొడుకు వారింగ్టన్ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కొన్నాడు. బ్రోకరు చెప్పిన ఆన్‌లైన్ వాళ్లనే పెట్టుకున్నాడు. "ఒరేయ్, ఒక్కసారి ఆ ఊళ్లో సొలిసిటరు దగ్గరికి పోరా" అన్నాను. "ఈ రోజుల్లో ఆఫీసులకెవరు పోతారండీ పెదనాన్నగారూ, అన్నీ పోర్టల్లోనే కదా" అన్నాడు. సరే అన్నాను.

వాడి డిపాజిట్లో కొంత వాళ్ల నాన్న పంపాడు, గుంటూరు శివార్లలో జాగా అమ్మి. ఈ దేశంలో 2017 నాటి రూల్స్ ప్రకారం ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో సొలిసిటరు తేల్చుకోవాలి. న్యాయమే. వీడు దస్తావేజు అప్‌లోడ్ చేశాడు. దస్తావేజు తెలుగులో ఉంది కదా, తిరగ్గొట్టారు. అనువాదం పెట్టాడు. అప్పటికి కేసు చూసే అమ్మాయి మారిపోయి, కొత్తతను మొదటినుంచీ అడిగాడు. నోటరీ ఎవరు, ఈ "సెంట్లు" ఏమిటి, డబ్బు రెండు విడతలుగా ఎందుకొచ్చింది? జవాబు రాస్తే వారానికి ఇంకో ప్రశ్న. ఫోన్ చేస్తే సంగీతం. అమ్మేది బిల్డరు కాబట్టి గడువు దాటితే రిజర్వేషను పోతుందని రోజూ బెదిరింపు. మా సొలిసిటరు గారైతే వాడిని ఎదురుగా కూర్చోబెట్టి, గుంటూరుకి ఒక ఫోన్ కొట్టించి, బ్యాంకు స్టేట్‌మెంటు మీద పెన్సిలుతో టిక్కులు పెట్టి, అరగంటలో తేల్చేవారు.

ఇక్కడొక మాట. మా తమ్ముడు పూర్తి ధర దస్తావేజులో చూపించాడు కనుక చివరికి గట్టెక్కాం. సర్కారు విలువకి రాయించుకుని మిగతాది చేతికి పుచ్చుకునే అలవాటు మనవాళ్లలో ఎంత ఉందో నాకు తెలుసు. ఆ చేతికొచ్చిన సొమ్ముకి ఇక్కడ లెక్క చెప్పలేరు, ఏ సొలిసిటరూ దాన్ని ముట్టుకోడు. పిల్లలకి ఇంగ్లండులో ఇల్లు కొనిపెడదామనుకునే తల్లిదండ్రులు జాగా అమ్మేటప్పుడే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంట్లో దిగిన ఏడాదికి వాడికి ఇంకో కాగితం వచ్చింది. కాలనీ రోడ్లు, పార్కు, వర్షపు నీటి కుంట నిర్వహణకు ఛార్జి. "ఫ్రీహోల్డ్ అన్నారు కదండీ పెదనాన్నగారూ!" అన్నాడు. ఫ్రీహోల్డే. కానీ ఆ రోడ్లను కౌన్సిలు తన చేతిలోకి తీసుకోలేదు, ఒక మేనేజ్‌మెంట్ కంపెనీకి ఏటా కట్టాలి, ఎంతకు మించకూడదనే పరిమితి లేదు. మా పాత చీఫ్ రెంటుకి వరసకు తమ్ముడిలాంటిది, 1977 చట్టం మినహాయించి వదిలిన రకం. పీడీఎఫ్‌లో ఉంది, చూశాను. వాడు చదవలేదు, వాడికెవరూ చదివి వినిపించలేదు. ఈ కొత్త కాలనీల ఛార్జీల గురించి పోటీ వ్యవహారాల సంస్థ సీఎంఏ 2024 ఫిబ్రవరిలో పెద్ద రిపోర్టే ఇచ్చింది. వాడి ఇంటి వెనక పొలంలో గోడౌన్లు కట్టడానికి అర్జీ పడి ఉంది. అది సెర్చిలో ఎందుకు రాలేదని అడిగాడు. రాదు. కౌన్సిలు సెర్చిలో మామూలుగా మనం కొనే జాగా ప్లానింగ్ చరిత్రే వస్తుంది, పక్క పొలంది రాదు. ఆ ఊళ్లో మంగలి షాపులో కూర్చున్నా తెలిసే విషయం, వంద మైళ్ల దూరాన కూర్చున్న కేసు హ్యాండ్లరుకి ఎలా తెలుస్తుంది?

ఈ రోజుల్లో నన్ను అన్నిటికంటే మండించేది ఇండెమ్నిటీ పాలసీ అనే బీమా. వెనక గది కట్టడానికి అనుమతి కాగితం కనబడలేదా? పాలసీ. కిటికీలు మార్చిన సర్టిఫికెట్ లేదా? పాలసీ. సందులో నడిచే హక్కు తేలలేదా? పాలసీ. ఇరవై ముప్పై పౌండ్ల నుంచి దొరుకుతుంది, ఫైలు ముందుకు కదులుతుంది. పైగా అలాంటి పాలసీ తీసుకోవాలంటే ఆ విషయం గురించి కౌన్సిల్ని అడిగి ఉండకూడదు, అడిగితే చెల్లకుండా పోవచ్చు. అంటే నిజం తెలుసుకోకుండా ఉంటేనే రక్షణ. ఆ గది కప్పు మన నెత్తిన కూలితే పాలసీ కాగితం అడ్డుపెట్టుకుంటామా? కొన్నిచోట్ల అవసరం ఉంటుంది, ఒప్పుకుంటాను. కాని మా సొలిసిటరు గారు ముందు టౌన్ హాలుకి నడిచి వెళ్లి పాత రిజిస్టర్లు తీయించేవారు. పాలసీ ఆఖరి మాట, మొదటి మాట కాదు.

డబ్బు చేతులు మారే తీరు కూడా చూడండి. మా రోజుల్లో కంప్లీషన్ రోజున, అంటే ఇల్లు అప్పగించే రోజున, గుమాస్తా బ్యాంకు డ్రాఫ్టు కోటు లోపలి జేబులో పెట్టుకుని అవతలి సొలిసిటరు ఆఫీసుకి నడిచి వెళ్లి, దస్తావేజుల కట్టతో తిరిగొచ్చేవాడు. ఇప్పుడు ఈమెయిళ్ల మధ్యలో దొంగలు దూరి, "మా బ్యాంకు అకౌంటు మారింది" అని సొలిసిటరు పేరుతోనే రాస్తున్నారు. కొంపలమ్మి కూడబెట్టిన డబ్బు ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆవిరైపోతోంది. 2021 నవంబరులో ఒక పెద్ద కన్వేయన్సింగ్ గ్రూపు కంప్యూటర్ల మీద దాడి జరిగితే, సామాన్లు సర్దుకున్న జనం తాళాలందక వీధిలో నిలబడ్డారు. ఆ ఏడాదే లూటన్‌లో ఇంకా ఘోరం. ఉద్యోగం మీద నార్త్ వేల్స్‌లో ఉంటున్న ఒక చర్చి గురువు ఇంటిని, ఆయన పేరుతో దొంగ కాగితాలు పుట్టించి 1,31,000 పౌండ్లకి అమ్మేశారు. ఆయన వచ్చి చూసుకుంటే తాళం చెవి పట్టలేదు, ఇంట్లో సామాను లేదు. ఇంటి యజమానిని మొహం చూసి గుర్తుపట్టే సొలిసిటరు ముందు ఆ దొంగ కూర్చోగలిగేవాడా? ఇల్లు అద్దెకిచ్చి, లేదా తాళం వేసి ఆరేసి నెలలు ఇండియాలో ఉండి వచ్చే మన పెద్దలందరూ ల్యాండ్ రిజిస్ట్రీ వాళ్ల ప్రాపర్టీ అలర్ట్‌లో పేరు రాయించుకోవాలి. ఫీజు లేదు, పది ఆస్తుల దాకా రాయించుకోవచ్చు. ఎవరైనా మీ ఇంటి రిజిస్టరు మీద చెయ్యి వేస్తే ఈమెయిల్ వస్తుంది.

ఇప్పటివన్నీ చెడ్డవని నేననను. 1990 డిసెంబరు 1 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో ఏ ఇల్లు అమ్మినా ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి అయింది. అందులో పేరెక్కితే ఆ హక్కుకి ప్రభుత్వం పూచీ. మన దగ్గర రిజిస్ట్రేషను దస్తావేజుకే గాని హక్కుకి పూచీ కాదు, అందుకే ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు మోసుకు తిరుగుతాం. ఇక్కడ ఏడు పౌండ్లు కడితే ఎవరి ఇంటి రిజిస్టరు కాపీ అయినా నిమిషంలో చేతికొస్తుంది, 2024 డిసెంబరు దాకా మూడు పౌండ్లే. తోలు దస్తావేజు పోగొట్టుకుని ఏడ్చే రోజులు పోయాయి. ఇది గొప్ప మేలు. కానీ రిజిస్టరు చెప్పేది ఎవరి పేరుందో, ఏ తాకట్టుందో, ఏ షరతుందో అంతవరకే. పూడ్చిన చెరువు అందులో ఉండదు. పక్కింటి తగాదా ఉండదు. ఆ షరతు ఈ కొనేవాడి బతుక్కి అడ్డమా కాదా అన్నది ఉండనే ఉండదు. దానికి మనిషి కావాలి.

ఊరి సొలిసిటర్లు ఖరీదు అంటారు. కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూశాను. ఆన్‌లైన్ వాళ్ల మొదటి అంకె చిన్నదే. దాని కింద లీజు ఇంటికి అదనం, బహుమతి డిపాజిట్‌కి అదనం, గుర్తింపు తనిఖీకి అదనం, స్టాంప్ డ్యూటీ ఫారం నింపడానికి అదనం, బ్యాంకు ట్రాన్స్‌ఫరుకి అదనం. మా వాడికి చివరికి మిగిలింది ఏమంత లేదు. ఇన్ని లక్షల పౌండ్ల ఇంట్లో ఆ మిగులెంత?

ఈ మధ్య మా తమ్ముడి కూతురు విగన్‌లో పాత వరస ఇల్లొకటి కొందామనుకుంది. ఈసారి నేను ఊరుకోలేదు. ఎస్టేట్ ఏజెంటు పేరు చెప్పిన వాళ్లని వద్దనిపించి, ఆ ఊళ్లోనే బజార్లో ఆఫీసున్న సొలిసిటరు దగ్గరికి పంపాను. "మూడొందల పౌండ్లు ఎక్కువండీ పెదనాన్నగారూ" అంది. "కట్టమ్మా" అన్నాను. ఆ సొలిసిటరు నడివయసు ఆవిడ, పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా రమ్మందట. ప్లాను బల్ల మీద పరిచి గంటసేపు కూర్చోబెట్టింది. ఆ పెరటి కింద నుంచి ఇటుకలతో కట్టిన పాత నీటి కాలువ పోతున్నట్టు తనకు అనుమానమనీ, అది ఎవరు బాగుచేయాలో రాతపూర్వకంగా తేలాలనీ, కౌన్సిలుకీ నీళ్ల కంపెనీకీ విడివిడిగా ఉత్తరాలు రాసింది. ఆ జవాబులు వచ్చేదాకా అద్దింటికి నోటీసు ఇవ్వొద్దని కూడా చెప్పిందట.